పోత బుల్లెట్లకు సైజింగ్ ఎప్పుడు? – ప్రాజెక్టు డైరీ

సీసం బుల్లెట్లు పోసుకునేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. అచ్చులోంచి తీసిన రోజే సైజింగ్ డైలోంచి, అంటే బుల్లెట్‌ను కావలసిన వ్యాసానికి నొక్కే రంధ్రంలోంచి, తోసేయాలని కొందరంటారు. రెండు వారాలు ఆగి, గట్టిపడ్డాకే చేయాలని మిగతావాళ్లంటారు. ఇద్దరూ అనుభవం మీదే చెబుతారు. కానీ తమ లోహంలో ఏం కలిసిందో, బుల్లెట్లను గాలికి ఆరబెట్టారో నీళ్లలో పడేశారో మాత్రం చెప్పరు. అసలు తేడా అంతా అక్కడే ఉంది. అందుకని ఒకే అచ్చు, ఒకే డై పెట్టుకుని, చల్లార్చే పద్ధతినీ సైజింగ్ చేసే సమయాన్నీ మాత్రమే మారుస్తూ కొలిచాను. ఇవి ఆ కొలతలు.

ఇదంతా లైసెన్సు ఉన్న .38 టార్గెట్ రివాల్వర్ కోసం చేసిన పని. బుల్లెట్లు సొంతంగా తయారుచేసుకోవడం మీద ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంటుంది, మొదలుపెట్టే ముందే అది చూసుకోండి. బుల్లెట్ బిగించే తూటాలో నింపే మందు కొలతల జోలికి ఈ డైరీ పోదు. అవి తయారీదారుల పట్టికల్లోంచే తీసుకోవాలి.

కొలతలన్నీ అంగుళాల్లో రాశాను, ఈ పనిలో అచ్చులూ డైలూ అలాగే దొరుకుతాయి కాబట్టి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మి.మీ.

దశ 1: ముందు తుపాకీని కొలవాలి

డై మీద 0.358 అని రాసి ఉంటే సరిపోదు. ఆ సైజు మీ తుపాకీకి కావాలో వద్దో ముందు తేలాలి.

1. బారెల్ లోపల శుభ్రం చేసి, పల్చగా నూనె రాయాలి.
2. గ్రూవ్ (బారెల్ లోపల మెలి తిరిగిన గాడి) వ్యాసం కన్నా కాస్త లావుగా ఉన్న మెత్తటి సీసం ముక్కను ఒక చివర పెట్టి, ఇత్తడి కడ్డీతో చిన్నగా తడుతూ రెండో చివరిదాకా తోయాలి.
3. బయటికొచ్చిన ముక్క మీద ఎత్తుగా ఉన్న చోట్లను మైక్రోమీటర్‌తో కొలవాలి. అదే గ్రూవ్ వ్యాసం.
4. సిలిండర్ గదుల ముందు భాగాన్ని, అంటే థ్రోట్‌లను, పిన్ గేజ్‌లతో (కచ్చితమైన లావున్న పిన్నులతో) చూడాలి. ఆరింటినీ చూడాలి, ఒకటి చూసి మిగతావీ అంతేలే అనుకోకూడదు.

నాకు వచ్చినవి: గ్రూవ్ 0.3570. ఆరు థ్రోట్‌లలోనూ 0.3582 పిన్ దిగింది, 0.3585 పిన్ దేనిలోనూ దిగలేదు. బుల్లెట్ గ్రూవ్ కన్నా ఒకటి రెండు థౌలు లావుగా ఉండాలి, థ్రోట్‌ను మాత్రం దాటకూడదు. కాబట్టి లక్ష్యం 0.3580. ఇంతకన్నా సన్నబడితే వేడి గ్యాసు పక్కల నుంచి దూరి సీసాన్ని కోసేస్తుంది, ఆ సీసం బారెల్‌కు అంటుకుంటుంది. లావైతే తూటా గదిలోకి దిగదు.

ఇక్కడ డిజిటల్ కాలిపర్ పనికిరాదు. దాని తప్పు హద్దే మామూలుగా ఒక థౌ. మనం వెతికే తేడాలు థౌలో పదో వంతుల్లో ఉంటాయి. 0.0001 దాకా చదివే మైక్రోమీటర్ కావాలి, రోజూ మొదలుపెట్టే ముందు దాని సున్నా సరిచూసుకోవాలి. బారెల్‌లో గ్రూవ్‌లు ఐదు ఉంటే మామూలు మైక్రోమీటర్‌తో కూడా కుదరదు, ఎదురెదురుగా రెండు గ్రూవ్‌లు దొరకవు. దానికి వీ ఆకారపు అన్విల్ ఉన్నది వేరే ఉంటుంది. నా బారెల్‌లో ఆరు ఉండటంతో ఆ ఇబ్బంది తప్పింది.

దశ 2: లోహం, పోత

లోహం: కారు చక్రాలకు క్లిప్పుతో బిగించే పాత సీసం బరువులు, వాటికి 2 శాతం తగరం. ఆ బరువుల్లో సీసంతోపాటు కొన్ని శాతాల యాంటిమొనీ, అణుమాత్రం ఆర్సెనిక్ ఉంటాయి. బుల్లెట్ తర్వాత గట్టిపడేది ఈ రెండింటి వల్లే. జిగురుతో అంటించే రకం బరువులు దాదాపు స్వచ్ఛమైన సీసం, వాటిని వేరే డబ్బాలో వేశాను.

బరువులు కరిగించేటప్పుడు పాట్ వేడిని 370 డిగ్రీలు దాటనివ్వలేదు. సీసం 327 దగ్గర కరుగుతుంది, జింకు 419 దాటాక గానీ కరగదు. కాబట్టి కొత్త రకం జింకు బరువు ఒకటి పొరపాటున కలిసినా కరగకుండా పైకి తేలుతుంది, తెట్టుతోపాటు గరిటెతో తీసేయొచ్చు. అది కరిగి కలిసిపోతే ఆ పాట్‌లోని లోహం అచ్చు మూలలు సరిగ్గా నింపదు. కడ్డీలుగా పోసుకున్నాకే అచ్చుపనికి వేడి పెంచాను.

జాగ్రత్తల గురించి ఒక్కసారే చెబుతాను. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరి పేలి, పాట్‌లో ఉన్నదంతా పైకి చిమ్ముతుంది. నీళ్ల బకెట్ పాట్‌కు దూరంగా, కిందుగా ఉండాలి. అచ్చును నీళ్ల మీదే తెరిచి, తడి చేతిని గుడ్డకు తుడుచుకున్నాకే పాట్ దగ్గరికి రావాలి. ఈ వేడి దగ్గర సీసం ఆవిరికన్నా తెట్టు తీసేటప్పుడు లేచే పొడితోనే ప్రమాదం ఎక్కువ. గాలి ధారాళంగా ఆడే చోటు, కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, వేసుకున్న బట్టలు విడిగా ఉతకడం తప్పనిసరి. పక్కన తిండి, టీ పెట్టుకోవద్దు. పిల్లల్ని ఆ ఛాయలకు కూడా రానివ్వొద్దు.

పోతలో పోయినవి:

- అచ్చు ఇంకా వేడెక్కకముందు పోసినవి ముడతలు పడ్డాయి.
- స్ప్రూ ప్లేటును (అచ్చు పైన మిగిలిన సీసాన్ని కోసే పలకను) తొందరగా తిప్పినప్పుడు అడుగున సీసం లాగేసినట్టు గుంట పడింది. బుల్లెట్‌కు అడుగు అన్నిటికన్నా ముఖ్యం. ముక్కు మీద చిన్న మచ్చ ఉన్నా వాడుకోవచ్చు, అడుగు అంచు చెదిరితే మాత్రం తీసి పారేయాల్సిందే.
- అచ్చు మరీ వేడెక్కాక వచ్చినవి మంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చూడ్డానికి బాగోకపోయినా కొలత సరిగ్గానే ఉంది, ఉంచేశాను.

లెక్క: పోసినవి 330. తీసేసినవి 42. మంచివి 288.

వీటిని మూడు వాటాలు చేశాను, ఒక్కోదానిలో 96. మొదటి వాటా తువ్వాలు మీద గాలికి చల్లారింది. రెండోది అచ్చులోంచి నేరుగా నీళ్లలో పడింది. మూడోది ఓవెన్ కోసం పక్కన పెట్టాను. మొదటి రెండు వాటాలనూ 24 చొప్పున నాలుగు గుంపులుగా విడదీశాను: గంటలో సైజింగ్, మర్నాడు సైజింగ్, రెండు వారాలకు సైజింగ్, అసలు సైజింగ్ చేయనివి.

దశ 3: కొలతలు కుదరకపోవడం

మొదట వచ్చిన అంకెలు అర్థం లేకుండా ఉన్నాయి. గాలికి ఆరబెట్టిన బుల్లెట్లు గంటలో 0.3601 చూపించాయి, మర్నాటికి 0.3598. సీసం గట్టిపడుతూ చిక్కిపోతోందా అనిపించింది. నీళ్లలో వేసిన వాటిలో మాత్రం ఆ తగ్గుదల లేదు.

కారణం వేడి. సీసం డిగ్రీకి పది లక్షల్లో 29 వంతులు వ్యాకోచిస్తుంది. 0.36 అంగుళాల బుల్లెట్ గది కన్నా 30 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 0.0003 లావుగా కొలుస్తుంది. తువ్వాలు మీద కుప్పగా పోసిన బుల్లెట్లు గంటకు కూడా వేడిగానే ఉన్నాయి. ఈ లెక్క కొలతకే కాదు, సైజింగ్‌కూ వర్తిస్తుంది. వెచ్చగా ఉన్నప్పుడు డైలోంచి తోసిన బుల్లెట్ చల్లారాక లక్ష్యం కన్నా సన్నబడుతుంది.

మార్చినది: బుల్లెట్లను కుప్పగా కాకుండా ఇనుప పలక మీద ఒక్కొక్కటిగా పరిచాను. సీసం వేడి ఇనుముకు త్వరగా దిగిపోతుంది. మైక్రోమీటర్, బుల్లెట్లు, డై ఒకే బల్ల మీద ఒకే వేడికి వచ్చాకే కొలత. గాలి వాటాలో మొదటి గంట అంకెలన్నీ కొట్టేసి, తర్వాత వేడి కుదిరాక మళ్లీ తీసుకున్నాను.

దశ 4: గాలి వాటా, నీళ్ల వాటా

సైజింగ్ పద్ధతి రెండు వాటాలకూ ఒకటే. రీలోడింగ్ ప్రెస్‌కు (తూటాలు బిగించే చేతి యంత్రానికి) అమర్చే, కింది నుంచి పైకి తోసే రకం డై.

1. బుల్లెట్ మీద లూబ్ (జారడానికి రాసే మైనం) పల్చటి పూత. చేతికి జిడ్డు తెలిసేంత చాలు.
2. అడుగు ర్యామ్ (ప్రెస్‌లో పైకి కదిలే కడ్డీ) మీద చదునుగా కూర్చునేలా పెట్టడం. వంకరగా వెళితే ఒక పక్కే గీరుకుంటుంది.
3. ఆగకుండా ఒకే వేగంతో పిడి లాగడం.
4. ప్రతి ఇరవై ముప్పైకి ఒకసారి డై లోపల వేలితో తడిమి, సీసం అంటుకుందేమో చూడడం.

లూబ్ లేకుండా ఒక నాలుగైదు తోసి చూశాను. డై గోడకు సీసం అంటుకుంది, ఆ తర్వాత వచ్చిన వాటి పక్కన నిలువు గీత పడింది. కర్ర చుట్టూ మెత్తటి తడి ఎమెరీ కాగితం చుట్టి రుద్దితే పోయింది. అలా రుద్దేటప్పుడు తొందర పడితే డై వ్యాసమే పెరిగిపోతుంది, ఇక వెనక్కి తెచ్చే దారి లేదు.

బలం కొలవడానికి ప్రెస్ పిడి చివర స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగాను. లెక్క మరీ కచ్చితం కాదు, పోల్చి చూడ్డానికి చాలు.

గాలి వాటా (సైజింగ్‌కు ముందు 0.3598):

- గంటలో: 0.3578. పిడి మీద 3 కిలోలు. రెండు వారాల తర్వాత కొలిస్తే 0.3579.
- మర్నాడు: 0.3578. మూడున్నర కిలోలు. తర్వాత 0.3579.
- రెండు వారాలకు: 0.3580. నాలుగున్నర కిలోలు.

నీళ్ల వాటా:

- గంటలో: 0.3579. 4 కిలోలు. రెండు వారాల తర్వాత 0.3581.
- మర్నాడు: 0.3581. 7 కిలోలు. తర్వాత 0.3582.
- రెండు వారాలకు: 0.3583 నుంచి 0.3584. తొమ్మిదిన్నర కిలోలు, పిడి మధ్యలో రెండు సార్లు గుక్కపట్టినట్టు ఆగి కదిలింది.

డై మారలేదు, అచ్చు మారలేదు. అయినా ఒకే డైలోంచి 0.3578 నుంచి 0.3584 దాకా వచ్చాయి. బుల్లెట్ గట్టిపడే కొద్దీ డైలోంచి బయటపడ్డాక స్ప్రింగులా వెనక్కి విచ్చుకునే భాగం పెరుగుతుంది. దానికి తోడు ఈ లోహం కాలక్రమంలో కొద్దిగా పెరుగుతుంది కూడా. సైజింగ్ చేయని నీళ్ల గుంపు 0.3598 నుంచి 0.3601కి చేరింది, అదీ గది వేడి సమానంగా ఉంచి కొలిచినప్పుడు.

రెండు వారాలకు చేసిన 24లో 17 సిలిండర్ థ్రోట్‌లోకి వేలి ఒత్తిడికి దిగాయి. ఏడు దిగలేదు. వాటిని మళ్లీ అదే డైలోంచి తోశాను, పదో వంతు థౌ కూడా తగ్గలేదు. రెండోసారి తోస్తే సన్నబడుతుందనే మాట మెత్తటి సీసానికేమో గానీ దీనికి చెల్లదు. ఆ ఏడూ పాట్‌లోకి వెళ్లాయి.

ఒక సన్నటి డై కొంటే తీరిపోయేదే కదా అనొచ్చు. వ్యాసం వరకూ తీరుతుంది. గట్టిదనం మాట వేరు.

గట్టిదనం, పెన్సిళ్లతో

బంతి ఒత్తి గుంట వెడల్పు కొలిచే పరికరంతో ముక్కు మీద చూస్తే నీళ్ల వాటా గంటకు 11 బ్రినెల్ (గట్టిదనం కొలమానం) దగ్గర, మర్నాటికి 16, రెండు వారాలకు 19 ఉంది. గాలి వాటా 8తో మొదలై రెండు వారాలకు 12 దగ్గర ఆగింది. పోలిక కోసం, స్వచ్ఛమైన సీసం 5 ఉంటుంది.

కానీ డై ఒత్తిన పక్క భాగం వంపుగా, సన్నగా ఉంటుంది, అక్కడ బంతి నిలవదు. ఆకురాయితో చదును చేస్తే మనం చూడాలనుకున్న పైపొరే పోతుంది. అందుకని బొమ్మలు గీసే పెన్సిళ్ల సెట్టు వాడాను (హెచ్‌బీ కన్నా హెచ్, హెచ్ కన్నా 2హెచ్ గట్టివి). మొనను గరుకు కాగితం మీద చదునుగా రుద్ది, 45 డిగ్రీల వాలులో ముందుకు నెట్టాలి. సీసాన్ని గీరితే పెన్సిల్ గట్టిది, జారిపోతే బుల్లెట్ గట్టిది. చిన్న ఖర్చుతో అయిపోయే పరీక్ష, చేయి అలవాటైతే నమ్మొచ్చు.

నీళ్ల వాటాలో, సైజింగ్ అయిన వారానికి, డై తాకిన పట్టీల మీద:

- గంటలో చేసినవి: హెచ్ పెన్సిల్ జారింది, 2హెచ్ గీరింది. ముక్కు మీద కూడా దాదాపు అంతే.
- రెండు వారాలకు చేసినవి: హెచ్‌బీ పెన్సిలే గీరింది. అదే బుల్లెట్ ముక్కు మీద హెచ్ జారిపోయింది.

అంటే ఒకే బుల్లెట్‌లో ముక్కు గట్టిగా, బారెల్‌ను తాకే పక్క మెత్తగా. సీసానికి ఉన్న గుణమే ఇది. ఇనుము, ఇత్తడి చల్లగా కొడితే గట్టిపడతాయి. యాంటిమొనీ ఉన్న సీసం వయసుతో గట్టిపడ్డాక దాన్ని చల్లగా నలిపితే, గది వేడికే దాని లోపలి రేణువులు మళ్లీ సర్దుకుని ఆ పొర మెత్తబడుతుంది. నీళ్లలో పడేసి, రెండు వారాలు కాచుకుని సంపాదించిన గట్టిదనాన్ని అవసరమైన చోటే పోగొట్టుకున్నట్టు. గట్టిపడకముందే నలిపితే ఆ తర్వాత గట్టిపడే పని చాలావరకు యథావిధిగా సాగుతుంది.

కాల్చి చూసినప్పుడు 25 మీటర్ల దగ్గర లక్ష్యం మీద పడ్డ రంధ్రాల వ్యాప్తిలో నమ్మదగిన తేడా ఏమీ కనిపించలేదు. తేడా తెలిసింది శుభ్రం చేసేటప్పుడు. ఆలస్యంగా సైజింగ్ చేసిన నీళ్ల బుల్లెట్ల తర్వాత బారెల్ మొదట్లో బూడిద రంగు చారలు, బ్రష్‌కు సన్నటి సీసం పొరలు. గంటలో చేసిన వాటి తర్వాత ఒక్క గుడ్డతో పోయింది. ఒక తుపాకీలో వచ్చిన ఫలితమే ఇది, అందరికీ ఇలాగే వస్తుందని అనను.

లెక్క: పోసినవి 330. పోతలో తీసేసినవి 42. తర్వాత పాట్‌లోకి వెళ్లినవి 7. మిగిలినవి 281.

దశ 5: ఓవెన్ వాటా

నీళ్లలో పడేసేటప్పుడు అచ్చు వేడి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, అందుకే గట్టిదనంలో హెచ్చుతగ్గులు వస్తాయి. ఓవెన్‌లో అన్నిటినీ ఒకే వేడికి తెచ్చి ఒకేసారి నీళ్లలో ముంచితే ఆ తేడా పోతుంది. ఓవెన్ దీనికే కేటాయించాలి, మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

తగరం, యాంటిమొనీ రెండూ ఉన్న సీసంలో 240 డిగ్రీల దగ్గరే కొంత భాగం కరగడం మొదలవుతుంది. అందుకే 230 పెట్టాను. మొదటి ట్రేలో 24 పెట్టి తలుపు మూశాక గుండీ మీద 230 ఉన్నా లోపల వేడి దాన్ని దాటి పైకి వెళ్లింది. పై కాయిల్‌కు దగ్గరగా ఉన్నవి మెడ వాల్చేశాయి, మిగతావి ఒకదానికొకటి అతుక్కున్నాయి. 24కు 24 పోయాయి.

మార్చినవి:

- ఓవెన్ గుండీ అంకెను నమ్మడం మానేసి, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొనను ట్రే మీద, బుల్లెట్ల పక్కనే పెట్టాను.
- పై కాయిల్‌కూ ట్రేకూ మధ్య ఇనుప రేకు అడ్డం.
- ముందు ఖాళీ ట్రేతో వేడి నిలకడయ్యేదాకా చూసి, తర్వాత పోతలో తీసేసిన చెత్త బుల్లెట్లు నాలుగు పెట్టి చూడడం. అవి నిలిస్తేనే మంచివి లోపలికి.

మిగిలిన 72లో సగం ముందే సైజింగ్ చేసి ఓవెన్‌లో పెట్టాను, సగం ఓవెన్‌లోంచి తీసి నీళ్లలో ముంచిన గంటలో సైజింగ్ చేశాను. ముందే చేసేవాటికి లూబ్ పూర్తిగా కడిగేయాలి, లేకపోతే మైనం ఓవెన్‌లో పొగ చిమ్ముతుంది. గ్యాస్ చెక్, అంటే అడుగున తొడిగే రాగి టోపీ, వాడేవాళ్లు దాన్ని ఈ మొదటి సైజింగ్‌లోనే బిగించుకోవచ్చు.

రెండు వారాల తర్వాత కొలిస్తే, ఓవెన్‌కు ముందే చేసినవి 0.3581, గంటలో చేసినవి 0.3581. రెండింటిలోనూ ముక్కు గట్టిదనం 24 బ్రినెల్ దాటింది. పట్టీల మీద మాత్రం ముందే చేసినవి ఒక పెన్సిల్ మెట్టు పైన ఉన్నాయి. ఓవెన్ వేడి డై పెట్టిన ఒత్తిడిని మొత్తం తుడిచేస్తుంది, ఆ తర్వాత నీళ్లలో ముంచాక ఏ చెయ్యీ దాన్ని నలపదు. కాబట్టి ఓవెన్ పెట్టేవాళ్లకు వాదనే లేదు: సైజింగ్ ముందు, వేడి తర్వాత. ఇంత గట్టి బుల్లెట్ నా రివాల్వర్‌కు అనవసరం, అది వేరే సంగతి.

లెక్క: పోసినవి 330. తీసేసినవి 42. పాట్‌లోకి 7 + 24 = 31. మిగిలినవి 257.

దశ 6: పౌడర్ కోటింగ్

లూబ్ బదులు పౌడర్ పూత వేసి 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చే పద్ధతి. అదే లోహంతో కొత్తగా 150 పోస్తే 11 పోయాయి, 139 మిగిలాయి.

పూత వ్యాసాన్ని 0.0022 పెంచింది. 0.3598 కాస్తా 0.3620 అయింది. అక్కడి నుంచి 0.358 డైలోకి ఒకేసారి తోస్తే నాలుగు థౌలు నలగాలి. 30 తోశాక చూస్తే అడుగు అంచున పల్చటి రేకులా సీసం వెనక్కి పొడుచుకొచ్చింది, కొన్నిటి మీద పూత గీరుకుని సీసం బయటపడింది. 30 కూడా పాట్‌లోకి. (పూత ఉన్నవి కరిగిస్తే చాలా కంపు కొడుతుంది, గాలి ఆడే చోటే చేయండి.)

మిగతా 109కి వరస మార్చాను.

1. పోసిన గంటలో, పూత లేకుండా, 0.358 డైలోంచి మొదటిసారి.
2. లూబ్ పూర్తిగా కడిగి ఆరబెట్టడం. జిడ్డు మిగిలితే పౌడర్ అక్కడ పట్టదు.
3. పూత, ఓవెన్.
4. పూర్తిగా చల్లారాక అదే డైలోంచి రెండోసారి. ఇప్పుడు నలిగేది రెండు థౌలే.

ఓవెన్‌లోంచి తీసిన వెంటనే వెచ్చగా తోసినప్పుడు పూత డై గోడకు పాకింది. చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి, అంతకు మించి ఆగాల్సిన పనిలేదు. మర్నాడు చేసినవాటికీ అదే రోజు చేసినవాటికీ తేడా పదో వంతు థౌ. 200 డిగ్రీల వేడి ముందున్న గట్టిదనాన్ని ఎలాగూ దించేస్తుంది, కాబట్టి పూత వేయబోయే బుల్లెట్లను అచ్చు నుంచి నీళ్లలో పడేసి లాభం లేదు. గట్టిదనం కావాలంటే పూత కాలిన ఓవెన్‌లోంచే నీళ్లలో ముంచాలి, అదే రోజు రెండో సైజింగ్ చేయాలి.

లెక్క: పోసినవి 480. తీసేసినవి 53. పాట్‌లోకి 61. మిగిలినవి 366.

దశ 7: సీసం, తగరం మాత్రమే

20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం. యాంటిమొనీ లేదు. 60 పోస్తే 4 పోయాయి. గంటలో, మర్నాడు, రెండు వారాలకు, మూడింటికీ వ్యాసం ఒకటే, పిడి మీద బలం ఒకటే. యాంటిమొనీ లేకపోతే వయసుతో గట్టిపడటం ఉండదు, ఉంటే గింటే కొద్దిగా మెత్తబడటమే. ఈ లోహానికి తీరిక దొరికినప్పుడే సైజింగ్. ఒక్క మాట, అచ్చులోంచి ఇది 0.3590 మాత్రమే వచ్చింది. యాంటిమొనీ తగ్గితే చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. సన్నటి అచ్చుతో మెత్తటి సీసం పోస్తే డై అసలు బుల్లెట్‌ను తాకకుండానే బయటికి రావచ్చు, ముందే కొలుచుకోండి.

లెక్క: పోసినవి 540. తీసేసినవి 57. పాట్‌లోకి 61. మిగిలినవి 422.

ఇప్పుడు నేను పాటిస్తున్న వరస

- గాలికి ఆరిన చక్రాల బరువుల లోహం: ఎప్పుడైనా సరే. డై ఎంచుకునేటప్పుడు మాత్రం రెండు వారాల నాటి కొలతను చూస్తాను, పోసిన రోజు కొలతను కాదు.
- నీళ్లలో పడేసినవి: ఆరాక, అదే పూట. ఆ పూట కుదరదనుకుంటే ఆ రోజు నీళ్ల బకెట్టే పెట్టను, గాలికి ఆరబెడతాను. చలిలో గట్టిపడటం నెమ్మదిస్తుంది కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లున్నారు. తిండి పెట్టే ఫ్రీజర్ అయితే ఆ ఆలోచనే వద్దు.
- ఓవెన్: సైజింగ్, కడగడం, ఓవెన్, నీళ్లు.
- పౌడర్: పూతకు ముందు ఒకసారి, చల్లారాక ఒకసారి.

ఏ పద్ధతైనా సైజింగ్ అయిన వెంటనే తూటాల్లో బిగించడం లేదు. నీళ్ల వాటా 0.3579 నుంచి 0.3581కి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ పెరుగుదల తూటా లోపల కాకుండా డబ్బాలోనే జరగనిస్తున్నాను, బిగించే ముందు ప్రతి డబ్బాలోంచి ఐదు తీసి కొలిచి, సిలిండర్‌లో వేసి చూస్తున్నాను.

డబ్బా మీద అంటించే చీటీలో రాసేవి: లోహం, పోసిన తేదీ, గాలి/నీళ్లు/ఓవెన్, సైజింగ్ తేదీ, ఆ రోజు వ్యాసం, రెండు వారాల వ్యాసం. చివరి గడి ఖాళీగా ఉన్న డబ్బా ఇంకా రీలోడింగ్ బల్ల మీదికి రాదు.